పాత చీరలే కదా అన్నవారికి

చేత్తో కుట్టిన బొంతను చేతిలోకి తీసుకుంటాం. మడత విప్పి, తిరగేసి, కుట్ల మీద వేళ్ళు పోనిచ్చి మురిసిపోతాం. ధర మూడు వేలు అనగానే మళ్ళీ మడతపెట్టి కింద పెట్టేస్తాం. "పాత చీరలే కదమ్మా, దీనికి మూడు వేలా?" శిల్పారామం అంగళ్ళ ముందు, డ్వాక్రా బజార్లలో, అపార్ట్‌మెంట్ సెల్లార్లలో పెట్టే చేతిపనుల అమ్మకాల్లో ఈ మాట నేను ఎన్నోసార్లు విన్నాను. అన్నవాళ్ళు చెడ్డవాళ్ళు కారు, పిసినారులూ కారు. చేతిపని మీద ఇష్టంతోనే అక్కడికి వచ్చినవాళ్ళు. వాళ్ళ నోట ఆ మాట పలికించేది మనందరిలో పాతుకుపోయిన ఒక అభిప్రాయం. బొంతలో ఉన్నది చినిగిన గుడ్డ, కాస్త దారం, ఇంటి ఆడవాళ్ళ తీరిక. ఈ మూడింటికీ ఖర్చు లేదు కనుక బొంతకూ పెద్ద వెల ఉండకూడదన్నది ఆ అభిప్రాయం. కొనేవాళ్ళు దీన్ని ఎంతగా నమ్మారో కుట్టేవాళ్ళూ అంతగానే నమ్మారు. అందుకే అడిగీ అడగకముందే ధర సగానికి దించేస్తారు. ఈ అభిప్రాయంలో ఒక్క ముక్క కూడా నిజం కాదని చెప్పడానికే ఈ వ్యాసం.

గుడ్డ సంగతి ముందు చూద్దాం. పాత చీరకు వెల లేదా? మన వీధుల్లోకి స్టీలు సామాన్ల బుట్ట నెత్తిన పెట్టుకుని వచ్చే మనిషిని అడిగితే తెలుస్తుంది. పాత చీరలు తీసుకుని గిన్నె ఇస్తుంది. గిన్నె చిన్నదైతే ఇల్లాలు ఒప్పుకోదు, చీర మరీ నలిగిందైతే ఆమె ఒప్పుకోదు. గుమ్మంలో నిలబడి ఇద్దరూ బేరమాడేది ఆ పాత చీర వెల గురించే. అదే చీర బొంతలో కలిసేసరికి ఉచితం ఎలా అవుతుంది? పైగా ఏ చీర పడితే ఆ చీర బొంతకు పనికిరాదు. ఏళ్ళ తరబడి ఉతికి ఉతికి మెత్తబడిన నూలు చీర కావాలి. పాలిస్టర్ చీర చెమట పీల్చదు, పొరల మధ్య జారిపోతుంది. ఇళ్ళలో రోజూ కట్టే చీరలు సింథటిక్ అయ్యాక, చాలామంది నైటీలకూ చుడీదార్లకూ మారాక, అలాంటి మెత్తని నూలు చీరలు దొరకడమే కష్టమైంది. దొరికినవాటిలోనూ పనికొచ్చే భాగాన్ని ఏరాలి. వెలుగుకు ఎత్తిపట్టి ఎక్కడ పలచబడిందో చూడాలి. ఫాల్ విప్పాలి, గట్టి అంచు కోసెయ్యాలి, చిరుగుకు మాసిక వెయ్యాలి. ఏ రంగు పైకి రావాలి, ఏది లోపలి పొరలోకి పోవాలి అన్న ఎంపిక ఉంది. ఆ ఎంపికకు కన్ను కావాలి. ఇంత చేస్తే గాని సూదిలో దారం ఎక్కించే పని మొదలుకాదు.

ఇక గంటల లెక్క. చేతిపనికి లెక్కలు కట్టడం మర్యాద కాదని కొందరంటారు. లెక్క కట్టనిచోట నష్టపోయేది ఎప్పుడూ కుట్టే మనిషే కాబట్టి నేను కడతాను.

ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉన్న మామూలు బొంత తీసుకుందాం. ఒక మనిషి కప్పుకునేంత. ఐదున్నర మీటర్ల చీరను మూడు ముక్కలు చేస్తే ఒక్కొక్కటి ఆరడుగులు వస్తుంది. రెండు చీరలతో ఆరు పొరలు. వీటిని నేల మీద ముడత లేకుండా పరిచి, కదలకుండా పెద్ద పెద్ద టాకాలు వేసి, అంగుళానికో వరస చొప్పున పొడవునా కుట్టుకుంటూ పోతే 48 వరసలు. ఒక్కో వరస ఆరడుగులు. మొత్తం 288 అడుగుల కుట్టు. అంగుళానికి మూడు కుట్లు వేస్తే 10,368 కుట్లు. ప్రతి కుట్టూ ఆరు పొరల గుండా సూది దిగి పైకి రావడమే. చేయి తిరిగిన మనిషి నాలుగైదు కుట్లు ఒకేసారి సూదికి ఎక్కించి లాగుతుంది. అలా నిమిషానికి పదిహేను కుట్లు పడతాయనుకున్నా పదకొండున్నర గంటలు. ఉతకడం, ఆరబెట్టడం, కోయడం, పరచడం, టాకాలు, మాసికలు, చివర అంచు మడిచి కుట్టడం కలిపి మరో ఆరున్నర గంటలు వేసుకుందాం. పద్దెనిమిది గంటలు. రోజుకు ఎనిమిది గంటల చొప్పున రెండు రోజుల పైమాట. ఈ లెక్కలో నేను దారం తెగినప్పుడల్లా మళ్ళీ ఎక్కించడం కలపలేదు. వేలికి గుచ్చుకుంటే లేవడం కలపలేదు. గంటల కొద్దీ వంగి కూర్చున్న నడుముకు విశ్రాంతి అసలే కలపలేదు.

2025-26లో ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ ఉపాధి హామీ పనికి ప్రభుత్వం కట్టిన రోజు కూలీ 307 రూపాయలు. అది ప్రత్యేక నైపుణ్యం అక్కర్లేని పనికి ఇచ్చేది. ఆ లెక్కన చూసినా ఈ మామూలు బొంత కూలీ ఒక్కటే 690 రూపాయలు దాటుతుంది. చేయి తిరిగిన పనికి దానికి రెట్టింపు ఇవ్వాలని నేనంటాను. ఏ మేస్త్రీకైనా, ఏ వడ్రంగికైనా మనం అంతకు తక్కువ ఇవ్వం. అప్పుడు 1,380 అవుతుంది. చీరలు, దారం, సూదులు, రానుపోను ఛార్జీలు, అంగడి అద్దె, అమ్ముడుపోకుండా గడిచిన రోజులు దీని మీద పడేవి.

మూడు వేలు చెప్పిన బొంత మామూలుది కాదు. వరసల మధ్య అర అంగుళమే ఉంటుంది, అంగుళానికి ఐదు కుట్లు పడతాయి. అదే కొలత బొంతకు 96 వరసలు, 34,560 కుట్లు. అదే వేగంతో కుట్టడానికే 38 గంటలు పైన పడుతుంది. ముందూ వెనకా పనులు కలిపితే 45 గంటలు, అంటే ఐదున్నర రోజులు దాటిన పని. మనం నోరు తెరిచిన ఆ మూడు వేలల్లో చీరల ఖర్చు, దారం ఖర్చు ఏమీ తీయకుండా మొత్తం ఆమెకే దక్కినా రోజుకు 533 రూపాయలు. నేను చెప్పిన రెట్టింపు కూలీ కూడా రాలేదు. ఆమె ఎక్కువ చెప్పలేదు, తక్కువ చెప్పింది. మనం దాన్నీ సగం చేయమంటున్నాం.

సగం చేస్తే ఏమవుతుంది? 1,500కు ఇచ్చిందనుకోండి, రోజుకు 267 రూపాయలు. ఉపాధి హామీలో తట్ట మోసినా అంతకంటే ఎక్కువ వచ్చేది. 1982లో ఏషియాడ్ కట్టడాల కార్మికుల కేసులో సుప్రీంకోర్టు ఒక మాట తేల్చి చెప్పింది. కనీస వేతనం కంటే తక్కువకు పనిచేయించుకోవడం రాజ్యాంగంలోని 23వ అధికరణం నిషేధించిన వెట్టి కిందికే వస్తుందని, ఆకలి బలవంతం చేసినా అది బలవంతమేనని ఆ తీర్పు సారం. బొంత అంగడి దగ్గర నిలబడ్డ మనం యజమానులం కాకపోవచ్చు. చట్టం మన బేరానికి వర్తించకపోవచ్చు. కానీ తెలంగాణ పల్లెల్లో వెట్టి ఎలా ఉండేదో తెలిసిన జనానికి, మనిషి శ్రమను కూలీ కంటే తక్కువకు తీసుకోవడం ఏమిటో కోర్టు చెప్పాల్సిన పనిలేదు.

ఇక్కడ అందరూ వేసే అడ్డు ప్రశ్న ఒకటుంది. "ఆమె రోజంతా కూర్చుని కుట్టదు కదా. వంటయ్యాక, పిల్లలు బడికి పోయాక, టీవీ చూస్తూ కుడుతుంది. తీరిక వేళ చేసిన పనికి కూలీ లెక్క ఏమిటి?" బొంత చవక అన్న అభిప్రాయానికి అసలు వేరు ఇదే. దీన్ని పెకలించకుండా ధర గురించి ఎంత మాట్లాడినా లాభం లేదు.

ఈ వాదన ఎక్కడికి తీసుకుపోతుందో మన పశ్చిమ గోదావరిలోనే ఋజువైంది. నరసాపురం చుట్టుపక్కల ఊళ్ళలో స్త్రీలు క్రోషే సూదితో అల్లే లేసు పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు నేర్పిన విద్య. అది విదేశాలకు ఎగుమతయ్యే పెద్ద వ్యాపారంగా ఎదిగింది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ ఆ ఊళ్ళకు వచ్చి, ఆ స్త్రీలతో మాట్లాడి, వాళ్ళ గంటలూ కూలీలూ లెక్కవేసి రాసిన పుస్తకం 1982లో వెలువడింది. నరసాపురం లేసు పనివాళ్ళ మీద వచ్చిన ఆ పుస్తకాన్ని ప్రపంచమంతా చదివింది. మన తెలుగువాళ్ళం మాత్రం తక్కువే చదివాం. ఆమె చూపించింది ఇది: వేలాదిమంది స్త్రీలు రోజులో చాలా గంటలు లేసు అల్లుతున్నారు. ఒకరు పువ్వులు అల్లే చేతిపని, మరొకరు వాటిని కలిపే అతుకుపని. ఏజెంటు దారం ఇచ్చి పోతాడు, అల్లినది తీసుకుపోతాడు. చివరికి ఆ వస్తువు ఏ ఊళ్ళో ఎంతకు అమ్ముడైందో అల్లిన మనిషికి తెలియదు. ఆమె చేతికి వచ్చేది అప్పటి కనీస కూలీకి ఎంతో దిగువన. ఎందుకంటే ఎగుమతిదారు దగ్గర్నుంచి అధికారి దాకా అందరూ ఆమెను కార్మికురాలిగా చూడలేదు, ఇల్లాలిగా చూశారు. ఇల్లాలు తీరిక వేళ చేసేది పనిగా లెక్కకు రాదు. గడప దాటని కాపు ఇళ్ళ ఆడవాళ్ళయితే తమను తాము కూడా అలాగే చూసుకున్నారు. ఆ తీరిక మీదే వ్యాపారులు మిద్దెలు కట్టారు.

ఆ తీరిక నిజంగా తీరికేనా? తెల్లవారకముందే లేచి ఇంటి చాకిరీ ముగించిన మనిషి మధ్యాహ్నం నడుం వాల్చాల్సిన గంట అది. ఆ గంట విశ్రాంతి వదులుకుని సూది పట్టింది. అదే గంటలో డాక్టరు క్లినిక్ తెరిస్తే ఫీజు తీసుకుంటాడు. మాస్టారు సాయంత్రం ట్యూషన్ చెబితే డబ్బులు తీసుకుంటారు. బడి అయ్యాక మిగిలిన తీరికలో చెప్పారు కదా, సగం ఇస్తామని ఎవరూ అనరు. గంట ఎవరిదైనా గంటే. ఆడమనిషి గంట మాత్రం చవకని చెప్పడానికి ఒక్క కారణం కూడా నాకు కనబడలేదు.

నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. దొంగ పేరుతో యంత్రపు లేసు అమ్మేవాళ్ళను ఆపడానికి అది పనికొస్తుంది. కానీ ఆ గుర్తింపు గంటకు ఇంత ఇవ్వాలని ఎవరికీ చెప్పదు. ధర నిర్ణయించేది ఇప్పటికీ కొనేవాడూ ఏజెంటూనే. గుర్తింపులు వస్తే కూలీలు వాటంతటవే పెరుగుతాయని అనుకునేవాళ్ళకు ఈ మాట చెప్పక తప్పదు.

ఇక మిల్లు రగ్గుతో పోలిక. "బజార్లో ఐదారు వందలకు మెత్తటి రగ్గు వస్తుంది, అంతకంటే ఎక్కువ ఎందుకు పెట్టాలి?" ఎందుకూ పెట్టనక్కర్లేదు. చలికి కప్పుకోవడం ఒక్కటే అవసరమైతే పానిపట్ రగ్గు కొనుక్కోండి, మంచి వస్తువే. అది పెట్రోలియం నుంచి తీసిన దారంతో యంత్రం నిమిషాల్లో తీసిన వస్తువు. దానిలో మనిషి గంటలు లేవు కాబట్టి దాని ధరలోనూ లేవు. రగ్గు ధర చూపించి బొంత ధర తగ్గించమనడానికి మాత్రం ఎవరికీ హక్కు లేదు. బొంతలో గంటలు ఉన్నాయి. ఎండాకాలం చెమట పీల్చే, వానాకాలం వెచ్చగా ఉండే, చినిగినచోట మళ్ళీ మాసిక వేసుకోగలిగే నూలు ఉంది. ఈ విషయం ఇంతకంటే సాగదీయనవసరం లేదు.

ప్రేమ గురించి మాత్రం కాస్త ఆగి మాట్లాడాలి. ఎందుకంటే ఈ వాదన తెచ్చేవాళ్ళు మంచి మనసుతో తెస్తారు. "బొంత అంటే అమ్మమ్మ ప్రేమ. పుట్టబోయే మనవడి కోసం మెత్తటి చీరలు ఏరి కుట్టిన వస్తువు. దానికి ధర చీటీ తగిలిస్తే ఏదో పోగొట్టుకున్నట్టే" అంటారు. అమ్మమ్మ మనవడికి కుట్టిన బొంతకు ధర కట్టమని ఎవరూ అనడం లేదు. అది అమ్మకానికి లేదు. నేను మాట్లాడుతున్నది అమ్మకానికి పెట్టిన బొంత గురించి. దాన్ని కుట్టిన మనిషికి మీ మనవడెవరో తెలియదు. ఆమెకూ మనవలున్నారు, వాళ్ళ ఫీజులు కట్టాలి. మనం మన అమ్మమ్మ జ్ఞాపకాన్ని తెచ్చి ముక్కూమొహం తెలియని ఆమె కూలీలోంచి కోత పెడుతున్నాం. అమెరికాలో ఉన్న మన పిల్లలు కొందరు, పోయిన తల్లి చీరలతో బొంత కుట్టించుకోవాలని ఇక్కడికి పంపుతున్నారు. తల్లి చీరల మీద వాళ్ళకున్న మమకారం నాకు అర్థమవుతుంది. ఆ మమకారం కుట్టే చేతికి ఎక్కువ ఇవ్వడానికి కారణం కావాలి. ఆ చీరను కోసేటప్పుడు కత్తెర ఒక్కసారి పక్కకు పోయినా దాని బదులు ఇంకోటి తేలేరు. ఆ బాధ్యతంతా కుట్టేమనిషి మీదే ఉంటుంది.

ధర పెంచితే అమ్ముడుపోదన్నది అన్నిటికంటే బలమైన వాదన. కుట్టేవాళ్ళే ఎక్కువగా దీన్ని నమ్ముతారు. సగం ధరకైనా పోతే చాలు, ఇంట్లో పెట్టుకుని ఏం చేస్తామంటారు. వాళ్ళ భయం నిజమైనదే. ధర పెంచిన మొదటి నెలల్లో కొందరు కొనకుండా వెళ్ళిపోతారు. దాన్ని దాచను. కానీ అమ్మిన ప్రతి బొంత మీదా నష్టమే వస్తున్నప్పుడు, ఎక్కువ అమ్మితే నష్టమే ఎక్కువవుతుంది. ధరను కిందికి దించడం వల్ల అమ్మకం పెరగలేదు, కుట్టేవాళ్ళు తగ్గారు. బొంతలు కుడతామని కేకేసుకుంటూ వీధుల్లోకి వచ్చే ఆడవాళ్ళ గొంతులు ఇప్పుడు ఎన్ని ఊళ్ళలో వినబడుతున్నాయి? వాళ్ళ కూతుళ్ళు సూది పట్టడం లేదు. పట్టమని అడిగే ముఖం మనకు లేదు.

పాత గుడ్డల బొంత ఎక్కడిదాకా పోగలదో చూడాలంటే అమెరికాలోని అలబామాకు వెళ్ళాలి. అక్కడ ఒక నది వంపులో ఉన్న గీస్ బెండ్ అనే పల్లెలో ఉండేది బానిసల సంతతి వాళ్ళు. ఆ ఊరి నల్లజాతి స్త్రీలు పొలంలో చినిగిన ప్యాంట్లు, చొక్కాలు, దాణా సంచులు కలిపి బొంతలు కుట్టుకునేవాళ్ళు. చలికి, గోడ సందుల్లోంచి వచ్చే గాలికి. 1960ల మధ్యలో పౌరహక్కుల ఉద్యమంలో పనిచేస్తున్న ఒక మతగురువు ఆ ప్రాంతంలో వాటిని చూసి, ఒక్కొక్కటి పది డాలర్లకు కొని న్యూయార్క్‌లో వేలం వేయించాడు. 1966లో ఆ ప్రాంతపు స్త్రీలు ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ అనే సహకార సంఘం పెట్టుకున్నారు. 2002లో ఆ ఊరి బొంతలు హ్యూస్టన్ మ్యూజియం గోడలెక్కాయి, అదే ఏడు న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియానికి చేరాయి. 2006లో అమెరికా తపాలా శాఖ వాటి బొమ్మలతో స్టాంపులు వేసింది. గుడ్డ మారలేదు, కుట్టు మారలేదు. చూసే కన్ను మారింది, ధర మారింది.

ఆ కథ అక్కడితో ఆపితే సగమే చెప్పినట్టు. 2007లో ఆ ఊరి స్త్రీలలో కొందరు, తమ బొంతల మీద వచ్చిన డబ్బు తమకు సరిగా అందలేదని కోర్టుకెక్కారు. మరుసటి ఏడు రాజీ అయింది. 2021 నుంచి గీస్ బెండ్ స్త్రీలు ఇంటర్నెట్‌లో ఎట్సీ అంగడి ద్వారా తమ పేరుతో తామే అమ్ముకుంటున్నారు. నాకు ఈ చివరి సంగతే ముఖ్యం. మ్యూజియం గోడ గౌరవం ఇచ్చింది. కొన్నవాడి డబ్బు నేరుగా కుట్టినామె చేతికి చేరే దారి మాత్రం అమ్మకం ఆమె చేతిలోకి వచ్చాకే ఏర్పడింది.

మన దేశంలోనూ ఇలాంటివి ఉన్నాయి. బీహార్‌లో ముజఫర్‌పూర్ దగ్గర భుసురా గ్రామపు సుజనీ, ఒకప్పుడు పసిబిడ్డ కోసం పాత చీరలతో కుట్టిన మెత్తటి బొంతే. దానికి 2006లో భౌగోళిక గుర్తింపు దక్కింది. బెంగాల్ కాంథా కుట్టులో పేరుపడ్డ ప్రీతికణా గోస్వామికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. కర్ణాటకలోని ఉత్తర కన్నడ అడవి ఊళ్ళలో ఆఫ్రికా మూలాలున్న సిద్దీ స్త్రీలు కుట్టే కవంది బొంతలు దేశం దాటి వెళ్తున్నాయి. అంచు నుంచి మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ మధ్యకు చేరే కుట్టు వాళ్ళది. చివర నాలుగు మూలలా చిన్న గుడ్డ మడతలు కుట్టకపోతే ఆ బొంత బట్టల్లేనట్టు ఉంటుందని అంటారట. అవన్నీ పాత గుడ్డలే. ఆ పని మీద పెద్ద ధర చీటీ చూసి ఆశ్చర్యపోని మనం, మన ఊరి బొంత దగ్గర మాత్రం పాత చీరలే కదా అంటాం.

ఇప్పుడు చెప్పబోయే మాట కొందరికి నచ్చదు. నగరాల్లో ఇల్లు గడవడానికి బొంత అమ్మాల్సిన అవసరం లేని అక్కచెల్లెళ్ళు చాలామంది ఈ పని నేర్చుకున్నారు. పనితనం బాగుంటుంది, రంగుల ఎంపిక ఇంకా బాగుంటుంది. వాళ్ళు పసిపిల్లల బొంత కుట్టి, గుడ్డకూ దారానికీ అయిన ఖర్చు మాత్రం వేసుకుని, "సరదాగా చేస్తున్నాను, లాభం అక్కర్లేదు" అని ఆరేడు వందలకు ఇచ్చేస్తారు. ఉద్దేశం మంచిదే. కానీ ఆ ఆరేడు వందలే బజారు ధర అయిపోతుంది. పక్క అంగట్లో అదే పని మీద బతికే ఆమె రెండు వేలు చెబితే, "అక్కడ ఏడు వందలే కదా" అని కొనేవాళ్ళు వెళ్ళిపోతారు. అవసరం లేనివాళ్ళు వదులుకున్న కూలీ అవసరమైనవాళ్ళ కూలీని కూడా పట్టుకుపోతుంది. అక్కలారా, సరదాకు కుడితే స్నేహితురాలికి కానుకగా ఇవ్వండి, అనాథ పిల్లల ఆశ్రమానికి ఇవ్వండి, మీ ఇంట్లో పరుచుకోండి. అమ్మితే మాత్రం గంటలు లెక్కగట్టి పూర్తి ధరకు అమ్మండి. ఆ డబ్బు మీకు అక్కర్లేకపోతే వచ్చాక ఎవరికైనా ఇవ్వండి. ధరను మాత్రం పడగొట్టకండి.

ఊళ్ళో పద్ధతి వేరు, దానితో నాకు తగవు లేదు. ఇల్లాలు తన పాత చీరలు తనే తెచ్చి అరుగు మీద పడేస్తుంది. కుట్టేవాళ్ళు కుట్టిచ్చి కూలీ తీసుకుంటారు, పూట అన్నం తింటారు, పండగకు ఇన్ని గింజలు పట్టుకెళ్తారు. అంగుళానికి రెండు కుట్లు, వరసల మధ్య నాలుగు వేళ్ళ సందు. ఇలాంటి బొంతకు గంటలు తక్కువ, కూలీ ఆ ఊరి స్తోమతను బట్టి. కూలికి పోయే మనిషి దగ్గర్నుంచి మూడు వేలు గుంజమని నేను చెప్పడం లేదు. హోటల్లో ఒక పూట భోజనానికి కుటుంబం మొత్తానికి రెండు వేలు బిల్లు కట్టి, టిప్పు కూడా పెట్టి బయటికి వచ్చి, ఐదు రోజులు కుట్టిన బొంత దగ్గర ఐదు వందలు తగ్గించమనే మనతోనే నా తగవు. ఇంకో తగవు ఆ బొంతనే వెయ్యికి తీసుకుపోయి, "గ్రామీణ స్త్రీల కళ" అని అందమైన అట్ట తగిలించి నాలుగింతలకు అమ్మే అంగళ్ళతో. అట్ట మీద ఊరి పేరుంటుంది, కథ ఉంటుంది. కుట్టినామెకు ఎంత దక్కిందో ఉండదు.

కాబట్టి కుట్టే అక్కలకు నేను చెప్పేది ఇది. బొంత మొదలుపెట్టిన రోజు ఒక కాగితం పక్కన పెట్టుకోండి. కూర్చున్న ప్రతిసారీ ఎన్ని గంటలో రాసుకోండి. చీరలు ఏరిన గంట, ఉతికిన గంట కూడా. రోజుకు ఇంత కూలీ కావాలని ముందే తేల్చుకోండి, ఉపాధి కూలీకి రెట్టింపు కంటే కింద మొదలుపెట్టకండి. చీరల వెల, దారం, ప్రయాణం, అంగడి అద్దె దానికి కలపండి. వచ్చిన అంకెను చీటీ మీద పెద్దగా రాయండి. దాని కిందే ఎన్ని రోజుల పనో కూడా రాయండి. కొనేవాళ్ళలో చాలామందికి ఆ రెండో అంకె చూశాక నోట బేరం రాదు. ఆర్డరు తీసుకుంటే సగం సొమ్ము ముందే తీసుకోండి. చీరలు వాళ్ళవే అయినా సరే, కూలీలో తగ్గించకండి. డబ్బు తక్కువగా ఉన్నవాళ్ళు వస్తే అదే బొంతను తక్కువకు ఇవ్వకండి. చిన్న కొలతదో, ఎడం కుట్టుదో వేరే కుట్టి ఇవ్వండి. ఒకే సంఘంలో పదిమంది ఉంటే పదిమందీ ఒకే కూలీకి కట్టుబడండి. ఒక్కరు దించితే మిగతా తొమ్మిదిమందీ దిగాల్సి వస్తుంది. మహిళా సంఘాల సమాఖ్యలు, లేపాక్షి, గోల్కొండ లాంటి ప్రభుత్వ అంగళ్ళు కొనుగోలు చేసేటప్పుడు ఇదే పద్ధతి పెట్టాలి. గంటకు ఇంత అని ముందుగా ప్రకటించి, అంతకు తక్కువకు ఏ చేతికుట్టు బొంతనూ కొనకూడదు. పథకాల పేర్లతో పోస్టర్లు వేయడం కంటే ఆ పని చేయడం తేలిక, ఉపయోగమూ ఎక్కువ.

కొనేవాళ్ళను ఒక్కటే అడుగుతున్నాను. ఈసారి బొంత చేతిలోకి తీసుకున్నప్పుడు ధర అడిగేముందు "ఎన్ని రోజులు పట్టిందమ్మా?" అని అడగండి. ఆమె చెప్పిన రోజులతో ఆ ధరను భాగించండి. వచ్చిన కూలీకి మీరైతే ఆ పని చేస్తారో లేదో ఆలోచించండి. చేయనని మీకు అనిపిస్తే ఆమె చెప్పిన ధరకు బేరమాడకండి. కొనలేకపోతే కొనకండి, అందులో తప్పులేదు. మూడు వేలు చెప్పిన ఆ బొంత ధర, ఉపాధి కూలీకి రెట్టింపు చొప్పున నేను కట్టిన లెక్క ప్రకారం 3,454 రూపాయలు. అది కూడా చీరల ఖర్చు కలపకుండా.